ఫారంలో ఆ ఒక్క గడి

మా అమ్మాయిని డాన్స్‌లో చేర్చే ఫారం మొత్తం ఐదు నిమిషాల్లో నింపేశాను. పేరు, వయసు ఏడేళ్ళు, అలర్జీలు లేవు, అవసరమైతే ఫోన్ చెయ్యాల్సిన నంబరు. ఒక్క గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. ‘డాన్స్: శైలి’ అని ఉంది. కింద ఐదు పేర్లు. భరతనాట్యం, కూచిపూడి, కథక్, బాలే, హిప్‌హాప్. ఒకదానికే టిక్ పెట్టాలి, పెట్టాక ఏడాది పాటు మార్చడానికి లేదు. గడువు పది రోజులు. కావాలంటే ఒక్కో క్లాసులో ఒక్కసారి పిల్లని కూర్చోబెట్టి చూసుకోవచ్చన్నారు.

మా ఆవిడ అప్పుడు ఆఫీసు పని మీద వేరే ఊళ్ళో ఉంది. "నువ్వే చూడు, నీకు తోచింది పెట్టెయ్" అంది ఫోన్లో. డాన్స్ సంగతిలో నాకేం తోచగలదో తనకి బాగా తెలుసు. పాటకి చప్పట్లు కొడితే పక్కవాళ్ళ తాళం కూడా చెడగొట్టే రకం నేను. లెక్కలు చూసుకునే ఉద్యోగం కాబట్టి నాకు చేతనైన పని చేశాను. ఎక్సెల్ తెరిచి, ఐదు శైలులకీ ఐదు వరసలు పెట్టి, గళ్ళు గీశాను. బూట్లా ఉత్తి కాళ్ళా, నేల ఎలాంటిది, మొదటి ఆరు నెలల్లో ఏం నేర్పుతారు, ఇంట్లో రోజూ ఎంతసేపు సాధన చెయ్యాలి. రెండు రోజులయ్యేసరికి ఎవరూ అడక్కుండానే సలహాలు కూడా వచ్చి పడ్డాయి, వాటికో గడి.

మా అమ్మ సలహా అందరికంటే చిన్నది. "కూచిపూడి మనది కదరా, ఇంకా ఆలోచన దేనికి?" మా బావమరిది హిప్‌హాప్ వైపు. "బావా, అది ఒలింపిక్స్‌లోకి కూడా వెళ్ళింది" అన్నాడు. నిజమే, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో హిప్‌హాప్‌లో ఒక రకమైన బ్రేకింగ్ పెట్టారు. 2028 లాస్ ఏంజెలెస్ జాబితాలో లేదన్న సంగతి వాడు చెప్పలేదు, నేనే చూసుకున్నాను. ఏడేళ్ళ పిల్లకి ఒలింపిక్స్‌తో ఏం పని అని నేనూ అడగలేదనుకోండి. పక్కింటావిడ మాత్రం చాలా నమ్మకంగా, "ముందు బాలే నేర్పించండి, ఒళ్ళు వంగుతుంది. ఆ తర్వాత ఏ డాన్సైనా దానంతటదే వస్తుంది" అంది. విన్నప్పుడు సబబుగానే అనిపించింది. ఆ ముచ్చట తర్వాత చెప్తాను.

మా చిన్నదాని గురించి ఒక్క మాట చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. అది మాట్లాడుతుంది. పళ్ళు తోముకుంటూ మాట్లాడుతుంది, బూట్లు వేసుకుంటూ మాట్లాడుతుంది, నిద్రలో కూడా ఎవరితోనో తగువు పెట్టుకుంటుంది. స్కూల్ డైరీలో దాని మీద వచ్చిన రాతలన్నీ ఈ ఒక్క విషయం మీదే. అలాంటి పిల్లకి డాన్స్ ఎందుకయ్యా అంటే, ఎవరు ఏ పాట పెట్టినా ముందు లేచేది అదే. ఆడుతూ మాట్లాడుతుంది, అదొక్కటే తేడా.

మొదట హిప్‌హాప్ క్లాసుకి తీసుకెళ్ళాను. ఇదే దానికి సరిపోతుందని మనసులో ఖాయం చేసుకునే వెళ్ళాను కూడా. చదువుకుని వెళ్ళాను లెండి. 1973 ఆగస్టులో న్యూయార్క్ బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ అనే డీజే ఒక పార్టీలో, పాట మధ్యలో మాటలు ఆగి డ్రమ్ములు మాత్రం మోగే ముక్క ఉంటుంది చూడండి, ఆ ముక్కనే రెండు రికార్డులతో మళ్ళీ మళ్ళీ తిప్పి సాగదీశాడు. ఆ ముక్కని బ్రేక్ అంటారు. దాని మీద ఆడినవాళ్ళు బ్రేకర్లు. మాటలు ఆగితే మొదలయ్యే డాన్స్ అన్నమాట. మా పిల్ల విషయంలో ఈ సంగతి నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది.

మాస్టారు కుర్రాడు, మంచివాడు. ముందు అరగంట "ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్" అంటూ నాలుగు స్టెప్పులు నేర్పాడు. మావాడు, క్షమించాలి, మా పిల్లని నేను అప్పుడప్పుడు మావాడనే అంటాను, అందరిలా గెంతుతూ బాగానే ఆడింది. తర్వాత పిల్లలందర్నీ గుండ్రంగా నిలబెట్టి, ఒక్కొక్కళ్ళే మధ్యలోకి వచ్చి నచ్చినట్టు ఆడమన్నాడు. దాన్ని సైఫర్ అంటారట. దీని వంతు వచ్చింది. మధ్యలోకి వెళ్ళింది. చొక్కా అంచు వేలికి చుట్టుకుని మెలిపెడుతూ నిలబడిపోయింది. పాట నడుస్తోంది, పిల్లలు చప్పట్లు కొడుతున్నారు, దీని కాళ్ళు కదలవు, నోరు లేవదు. దాన్ని అంత నిశ్శబ్దంగా నేను ఎప్పుడూ చూడలేదు. మాస్టారు తనూ లోపలికి వచ్చి పక్కన ఊగుతూ దాన్ని మెల్లగా బయటికి తీసుకొచ్చాడు. దారిలో అడిగితే, "ఏం చెయ్యాలో వాళ్ళు చెప్పలేదు నాన్నా" అంది. ఇంకో పిల్ల అయితే సరిగ్గా ఆ చెప్పకపోవడం కోసమే అక్కడ చేరుతుంది. ఆ పిల్లల్లో ఒకడు ఉన్నాడు, చేతి మీద తిరగబడి లేచి మళ్ళీ ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడు. వాడి మొహంలో వెలుగు ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడు బాలే. పిల్లలంతా గోడకున్న కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. మొదటి పొజిషన్, మడమలు కలిపి వేళ్ళు బయటికి. ఇలాంటివి మొత్తం ఐదు. పేర్లన్నీ ఫ్రెంచిలో ఎందుకున్నాయా అనుకున్నాను. పద్నాలుగో లూయీ 1661లో పారిస్‌లో నాట్యానికి అకాడమీ పెట్టించాడు, వ్యాకరణమంతా అక్కడ కట్టారు కాబట్టి మాటలూ అక్కడివే నిలబడ్డాయి. ‘ప్లియే’ అంటే వంగినది, అంతే, మోకాళ్ళు వంచడం. టీచర్‌కి నిశ్శబ్దం కావాలి. మా పిల్ల మూడుసార్లు మాట్లాడింది, మూడుసార్లూ ఆవిడ వేలు పెదాల మీదకి వెళ్ళింది.

అయినా ఆ గంటలో నేను నేర్చుకున్నది తర్వాతి మూడు క్లాసుల్లోనూ పనికొచ్చింది. పాదాలు బయటికి తిప్పమన్నప్పుడు ఒక పిల్ల కాళ్ళు పూర్తిగా అటూ ఇటూ తిప్పేసి గర్వంగా చూసింది. టీచర్ వెంటనే సరిచేసింది. "అక్కడ కాదమ్మా, ఇక్కడ" అంటూ తన తుంటి కీలు మీద వేళ్ళు పెట్టి చూపించింది. తిరగడం తొడ మొదట్లో జరగాలి, మోకాలి దగ్గరో చీలమండ దగ్గరో కాదు. తొడ ఎంత తిరిగితే పాదం అంతే తిరగాలి. అంతకంటే ఎక్కువ తిప్పితే చూడ్డానికి బాగుంటుంది, మోకాలు పాడవుతుంది. క్లాసయ్యాక నేను రెండు ప్రశ్నలు అడిగాను. వేళ్ళ చివర నిలబడే ఆ బూట్లు ఎప్పుడు? "పదకొండు, పన్నెండేళ్ళు రావాలి, అప్పటికి కొన్నేళ్ళ సాధన ఉండాలి, అప్పుడు కూడా పాదం చూసి చెప్తాను." రెండోది పక్కింటావిడ మాట, బాలే వస్తే అన్నీ వస్తాయా? ఆవిడ నవ్వింది. "ఇక్కడ పిల్లలకి నేను పొద్దస్తమానం పైకి, పైకి అని చెప్తుంటాను. పక్క గదిలో ఆవిడ కిందికి, కిందికి అంటుంది. నా దగ్గర మూడేళ్ళు ఉన్న పిల్ల అక్కడికెళ్తే ఆ పైకి పోయే అలవాటు మానడానికే కొన్నాళ్ళు పడుతుంది." ఒళ్ళు వంగడం, చెవికి తాళం పట్టుబడడం లాంటివి వెంట వస్తాయి గానీ ఒకటి ఇంకోదానికి పునాది కాదంది. ఎక్సెల్‌లో పక్కింటావిడ గడి చెరిపేశాను.

కథక్ నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. ఎందుకంటే అది దానికి నచ్చింది.

మోకాళ్ళు వంచక్కర్లేదు, నిటారుగా నిలబడి పాదం మొత్తం నేలకి ఆనించి కొట్టడం. కుడి ఎడమ కుడి ఎడమ, తర్వాత ఎడమ కుడి ఎడమ కుడి. టీచర్ ముందు నోటితో చెప్పించారు. "తా థేయ్ థేయ్ తత్, ఆ థేయ్ థేయ్ తత్." చేత్తో తాళం వేస్తూ బోలు, అంటే ఆ తాళం మాటలు, నోటితో పలకడం వాళ్ళకి విద్యలో భాగం, సభలో పెద్ద పెద్ద కళాకారులు కూడా ముందు పలికి ఆ తర్వాత ఆడతారు. మా పిల్ల మొహం వెలిగిపోయింది. మాట్లాడమని అడిగిన మొదటి క్లాసు! పైగా కథక్ అనే మాటకి అసలు మూలం కథే, గుళ్ళలో కథలు చెప్పే కథకులు ఆడుతూ పాడుతూ చెప్పిన విద్య, తర్వాత లక్నో, జైపూర్, బనారస్ ఘరానాలుగా, అంటే గురుపరంపరలుగా, స్థిరపడింది. గిరగిరా తిరగడం కూడా నేర్పారు, ఎదురుగా గోడ మీద ఒక చుక్క చూస్తూ, తల ఆఖర్న తిప్పి ముందుగా మళ్ళీ ఆ చుక్క దగ్గరికి తేవాలి. మా పిల్ల చుక్క చూడ్డం మర్చిపోయి మూడో చుట్టుకి పక్క పిల్ల మీద పడింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

అప్పుడే టిక్ పెట్టేసేవాణ్ణి. అడ్డం వచ్చింది వేళ. కథక్ క్లాసు రాత్రి ఏడున్నరకి. ఆ టైముకి మా పిల్ల కంచం ముందే జోగుతుంటుంది. ఇలాంటి కారణానికి ఒక విద్యని పక్కన పెట్టడం చిన్నతనంగానే ఉంటుంది. కానీ వారానికి రెండుసార్లు ఏడుస్తూ వెళ్ళే పిల్లకి కథక్ మహా గురువు బిర్జూ మహరాజ్ గారే వచ్చి నేర్పినా ఎక్కదు. ఇంకా రెండు క్లాసులు ఉన్నాయి కదా, చూద్దాంలే అనుకున్నాను.

భరతనాట్యం టీచర్ పెద్దావిడ. చెక్క పలక మీద కర్రతో కొడుతూ కూర్చున్నారు. పిల్లలు వచ్చి నేలని తాకి కళ్ళకద్దుకుని నమస్కారం చేశారు. కాళ్ళతో కొట్టబోతున్నందుకు ముందే క్షమించమని భూమిని అడగడం. మా చిన్నది నా చెవిలో, "నేలకి సారీ చెప్పాలంట" అంది. తర్వాత అరమండి, మోకాళ్ళు రెండు పక్కలకీ వంచి, నడుం నిటారుగా, తట్టడవు అనే మొదటి అడుగు. "తెయ్యా తెయ్, తెయ్యా తెయ్." ముందు నిదానంగా, తర్వాత దానికి రెట్టింపు, ఆ తర్వాత ఇంకో రెట్టింపు. మూడు కాలాలు. నాకు వేగంగా ఆడడమే కష్టమనిపించింది. కానీ మూలన కూర్చుని చూస్తుంటే అర్థమైంది, పిల్లలు తడబడుతున్నది మొదటి కాలంలోనే. రెండు దెబ్బల మధ్య ఉన్న ఖాళీని వాళ్ళు ఓర్చుకోలేరు. ముందే కొట్టేస్తారు.

ఆవిణ్ణి నేను అందర్నీ అడిగిన ప్రశ్నే అడిగాను, మొదటి ఆరు నెలల్లో ఏం నేర్పుతారని. "తట్టడవు, నాట్టడవు. పిల్ల గట్టిదైతే ఇంకో రెండు. పాట ఉండదు" అన్నారు. ఆ ‘పాట ఉండదు’ అనే మాట నాకు చాలా నచ్చింది. అంతకు ముందు వారం, ఒక స్నేహితుడు చెప్పాడని బయట ఇంకో చోటికి కూడా వెళ్ళొచ్చాను. గోడ నిండా కప్పులు, షీల్డులు. "మూడు నెలల్లో స్టేజి ఎక్కిస్తాం సార్" అన్నారు. లోపల పిల్లలు సినిమా పాటకి ముద్రలు పడుతున్నారు, బోర్డు మీద మాత్రం శాస్త్రీయ నృత్యం. ఆరు నెలలకి అడుగులు తప్ప ఏమీ రావని చెప్పే మనిషికీ, మూడు నెలల్లో స్టేజి అనే మనిషికీ మధ్య ఎవర్ని నమ్మాలో చెప్పడానికి డాన్స్ తెలియక్కర్లేదు. భరతనాట్యం కచేరీ వరసే చూడండి. అలరింపుతో మొదలై తిల్లానా దాకా సాగే ఈ క్రమాన్ని పంతొమ్మిదో శతాబ్దంలో తంజావూరు అన్నదమ్ములు నలుగురు, చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు కుదిర్చారు. అది మొత్తం ఆడగలిగితే ఆరంగేట్రం. అదేమో ఏళ్ళ పని.

మా పిల్ల ఆ క్లాసులో పది నిమిషాలకే తొడలు నొప్పి అంది. ఆవిడ కర్ర ఆపి, "కూర్చో తల్లీ, చూడ్డం కూడా నేర్చుకోవడమే" అన్నారు. కూర్చుని చూసింది. ఇంటికొచ్చాక దాని గురించి ఒక్క మాట ఎత్తలేదు.

ఇక కూచిపూడి. మా అమ్మ మాట విని ముందే అక్కడికి వెళ్ళి ఉంటే ఈ తిరుగుడంతా ఉండేది కాదేమో. కానీ మనది కాబట్టి అన్న కారణం నాకెందుకో గొంతు దిగలేదు. పిల్ల ఆడేది వంశం కోసం కాదు కదా. క్లాసులో మొదటి పావుగంట భరతనాట్యానికీ దీనికీ తేడా ఏమిటో నాకు తెలియనే లేదు. అదే అరమండి, అదే కర్ణాటక సంగీతం, అదే చెక్క మీద కర్ర. కాసేపు చూశాక కాస్త తెలిసింది. అక్కడ గీత గీసినట్టు, ఒక భంగిమ నుంచి ఇంకో భంగిమకి నిక్కచ్చిగా వెళ్తున్నారు. ఇక్కడ మధ్యలో ఒక ఊపు ఉంది, కాలు నేల మీద పడ్డాక చిన్నగా పైకి లేస్తోంది. నా కంటికి అందింది అంతే. తెలిసినవాళ్ళు ఇంకా చాలా చెప్తారు.

అడుగులయ్యాక టీచర్ పిల్లలకి ఒక కథ చెప్పారు. కృష్ణా జిల్లా కూచిపూడిలో భాగవతులు ఉండేవారు, ఊరూరా తిరిగి ఆడేవారు. అందరూ మగవాళ్ళే, ఆడ వేషాలు కూడా వాళ్ళే కట్టేవాళ్ళు. సిద్ధేంద్ర యోగి కట్టారని చెప్పే భామాకలాపంలో సత్యభామ వస్తుంది. ఎలా వస్తుంది? తెర వెనక నిలబడి, ముందు తన జడ తీసి తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. నాకంటే గొప్పవాళ్ళెవరైనా ఉంటే రండి, చూసుకుందాం అని సవాలు. ఆ తర్వాతే మనిషి కనిపిస్తుంది. ఆడుతుంది, పాడుతుంది, చెలికత్తె మాధవితో వాదించి మాట్లాడుతుంది. మొగుడి పేరు చెప్పమంటే మాత్రం సిగ్గు. టీచర్ ఇదంతా చెప్తూ తన పైట చెంగు మెలితిప్పి జడలా భుజం మీంచి ముందుకి విసిరారు.

మా పిల్ల నోరు తెరుచుకుని చూసింది. మాట లేదు. హిప్‌హాప్ క్లాసులో నిశ్శబ్దం వేరు, ఇది వేరు.

ఆ రాత్రి వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా ఆడిన పాత వీడియో ఒకటి చూపించాను. "ఈ ఆంటీ నిజంగా అంకులా?" అని ఒకటికి నాలుగుసార్లు అడిగింది. క్లాసులో ఒకే ఒక్క మగపిల్లాడు ఉన్నాడు, ఎవరో తల్లి వాణ్ణి చూసి ముసిముసిగా నవ్వడం నేను గమనించాను. నిజానికి ఈ నాట్యంలోకి ఆలస్యంగా వచ్చింది ఆడపిల్లలే. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు ఆడవాళ్ళకి నేర్పడం, ఒక్కరే ఆడే పద్ధతికి దారి వెయ్యడం, వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టడం, ఇదంతా ఇరవయ్యో శతాబ్దపు సంగతి.

రెండు రోజుల తర్వాత, ఇంకా టిక్ పెట్టలేదు, నేను లాప్‌టాప్ ముందు ఆ ఎక్సెల్ తెరుచుకుని కూర్చున్నాను. పడగ్గది గుమ్మానికున్న కర్టెన్ కదిలింది. దాని వెనకనించి మా ఆవిడ ఎర్ర చున్నీ, తాడులా మెలితిప్పింది, పైకి లేచి కర్టెన్ రాడ్ మీదుగా ఇవతలికి పడింది. చివర ఒక హెయిర్ బ్యాండ్, దానికి రెండు క్లిప్పులు. మా పిల్లది మెడ దాకా ఉండే క్రాపు, జడ వెయ్యడానికి జుట్టు లేదు మరి. చున్నీ రెండో కొస తలకి కట్టుకుని స్టూలెక్కి నిలబడింది.

"ఎవరమ్మా అది?" అన్నాను.

"నన్నే ఎవరంటావా? నేనెవరో తెలీదా నీకు? ఈ ఇంట్లో ఉంటూ తెలీదా?"

"తెలీదు. పేరు చెప్పు."

"నా జడ చూసి చెప్పు!"

ఇలా ఓ పది నిమిషాలు. నన్ను తిట్టింది, పొగిడింది, ఉత్తరం రాయమంది, రాస్తే చదివి చించేసింది. అంతా సొంత కవిత్వమే. అప్పుడు నేను చూసింది దాని నోరు కాదు, కాళ్ళు. స్టూలు దిగి కర్టెన్ ముందుకి వచ్చాక, మాట ఆగిన ప్రతిసారీ కాళ్ళు ఆ క్లాసులో నేర్పిన ఒకే ఒక్క అడుగు వేస్తున్నాయి. మోకాళ్ళు వంగి ఉన్నాయి. తొడలు నొప్పి అనలేదు. మళ్ళీ మాట అందుకునే ముందు కాలు ఆపుకుంటోంది. ఎవరూ చెప్పలేదు దానికి. ఆఖర్న చున్నీ లాగబోతే రాడ్ ఒక పక్క ఊడి వచ్చింది, ప్రదర్శన అంతటితో ముగిసింది. ఎక్సెల్‌లో ‘మాట’ అని ఒక గడి చేర్చి, దాన్ని నింపకుండానే మూసేశాను.

మా ఆవిడకి ఫోన్లో అంతా చెప్పాను. తను అన్నీ విని, "అది డాన్స్ కాదు, నాటకం. నాటకాల క్లాసులో వెయ్యొచ్చుగా?" అంది. ఇన్ని రోజుల్లో ఎవరూ అడగని ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు వెళ్ళి టీచర్‌నే అడిగాను, మాటల కోసం చేర్పిస్తే ఈ పిల్ల ఎప్పుడు మాట్లాడుతుందని. ఆవిడ ఉన్నది ఉన్నట్టు చెప్పారు. "ఇప్పట్లో కాదండీ. రెండు మూడేళ్ళు అడుగులే. జతులు, అంటే తాళం మాటలు, నోటితో చెప్పిస్తాను, అంతవరకే. కలాపంలో మాట చాలా పెద్దయ్యాక, అదీ ఆ స్థాయికి వస్తే. పళ్ళెం అంచుల మీద నిలబడి ఆడే తరంగం ఎప్పుడని కూడా అడుగుతారు అందరూ, అదీ అంతే." అంటే నేను ఏ కారణంతో ఎంచుకుంటున్నానో ఆ కారణం నాలుగైదేళ్ళ దాకా కంటికి కనిపించదు. నాటకాల క్లాసు గురించి కూడా ఆలోచించాను. కానీ మాట మధ్యలో ఆ కాళ్ళు కదిలాయే, అది నాటకానికి అవసరం లేని పని. టిక్ పెట్టేశాను.

తర్వాతి కథ అంత రంగులమయం ఏమీ కాదు. మొదటి నెల గజ్జెలేవీ అని అడిగింది. ఇంకా చాలా ఉంది, గజ్జె కట్టే రోజు వేరే ఉంటుందన్నారు. రెండో నెలలో "ఎప్పుడూ ఇదేనా, జడ ఎప్పుడు?" అని మొదలుపెట్టింది. మూడో నెలలో పిక్కలు నొప్పులు. నేను కంగారుపడి నేల చూశాను. సిమెంటు మీద టైల్స్, కింద ఏ మెత్తదనమూ లేదు. ఉత్తి కాలితో అలాంటి నేలని గంటసేపు కొడితే దెబ్బంతా ఎముక మీదికే వస్తుంది. చెక్క నేల, కింద కాస్త గాలి ఉండేలా వేసినది, ఉంటే మంచిదట. తల్లిదండ్రులం కలిసి అడిగాం, చూస్తామన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నారు. ఫారం నింపే ముందు నా పట్టికలో నేలకి గడి ఉంది, అందులో ‘బాగుంది’ అని రాసుకున్నాను. నిగనిగలాడుతోందని రాశాను కాబోలు. మడమతో ఒక్కసారి తట్టి చూసినా తెలిసేది. టీచర్ మాత్రం తన వంతు చేశారు. అరికాలు మొత్తం ఒకేసారి పడేలా మళ్ళీ మొదటి నుంచి నేర్పారు. "చప్పుడు రావాలి, దెబ్బ తగలకూడదు" అంటారు. ఒక్కో అడుగుకీ మధ్య కూర్చోబెట్టి హస్తాలు, అంటే చేతి ముద్రలు, నేర్పడం మొదలుపెట్టారు, కాళ్ళకి విశ్రాంతి. అభినయ దర్పణం అనే పాత నాట్య గ్రంథంలో ఒంటి చేత్తో పట్టేవి 28. ఇప్పుడు మా ఇంట్లో పళ్ళు తోమే కార్యక్రమం "పతాక, త్రిపతాక, అర్ధపతాక, కర్తరీముఖ" తో నడుస్తుంది. నురగ అద్దం నిండా.

ఇంట్లో సాధనకి తాళం వేసేది నేనే. నా గురించి ముందే చెప్పాను. చెక్క పలక లేక ఓ పాత పీట, దాని మీద గరిటె. మొదటి కాలంలో మొదలుపెడతాను, నాకు తెలియకుండానే రెండో కాలంలోకి జారిపోతాను. "నాన్నా, నువ్వు పరిగెడుతున్నావ్" అని ఆపేస్తుంది. ఫోన్లో టిక్కు టిక్కుమని తాళం వేసే మెట్రోనోమ్ పెడదామంటే ఒప్పుకోదు, దాన్ని తిట్టడానికి ఉండదు కదా. ఈ మధ్య నేను కూడా ఆ ఖాళీలో ఆగడం నేర్చుకుంటున్నాను. నోటిలో తకధిమి అనుకుంటూ ఆగితే కొంచెం నయం.

కథక్ మీద నాకు ఇంకా మనసు పీకుతుంది. ఆ క్లాసు సాయంత్రం ఐదింటికి ఉండి ఉంటే ఈ రాత అంతా ఇంకోలా ఉండేదేమో. భరతనాట్యం పెద్దావిడ కనిపించినప్పుడల్లా మా పిల్ల ఆగి నమస్కారం పెడుతుంది, ఒక్క రోజు పరిచయానికే.

పోయిన వారం వచ్చే ఏడాది ఫారం వచ్చింది. ఈసారి తనే నింపుతానంది. పేరు రాసింది, పెద్ద పెద్ద అక్షరాలతో గడి దాటి. వయసు ఎనిమిది. అలర్జీల దగ్గర ‘మెట్రోనోమ్’ అని రాయబోతే ఆపాను. డాన్స్ గడి దగ్గరికొచ్చి పెన్ను పట్టుకుని చాలాసేపు చూసింది. ఐదు పేర్లూ పైకి చదివింది. కాగితం తిరగేసి వెనక కూడా చూసింది.

"నాన్నా, మాట్లాడే క్లాసు ఎన్నో ఏడాదో ఇందులో రాయలేదేంటి?"